కొంగు కింద చెమట

"మళ్ళీ తడిసిపోయాడు అత్తయ్యా," అంది జాయ్స్.

విమల తల తిప్పలేదు. మూసిన కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ఎవరిదో పాత పెళ్ళి కార్డుతో విసురుకుంటోంది. పొద్దున్నుంచీ అత్తాకోడళ్ళ మధ్య నడిచిన మాటలు అయిదో ఆరో. అన్నీ చెమట గురించే.

జాయ్స్ దిండుగుడ్డ లాగేసింది. ఆరోన్ తల ఆనిన చోట అరచెయ్యంత తడి. నాలుగో నెల పిల్లాడు. జుట్టు నుదుటికి అంటుకుపోయి, ఇప్పుడే నీళ్ళు పోసి పడుకోబెట్టినట్టున్నాడు. కాళ్ళూ చేతులూ మాత్రం పొడిగానే ఉన్నాయి.

"టోపీ తీసేస్తానండీ."

"తీయి. తీసి జలుబు తెప్పించు."

"ఇంత ఉక్కలో జలుబేంటండీ?"

"ఉక్క ఎవరి పుణ్యం? కిటికీలు మూసింది నేనా?"

అది నిజమే. మూసింది జాయ్సే. తెలంగాణ కోసం సమ్మె మొదలై పద్ధెనిమిది రోజులు. ఈ రోజు సిటీ బంద్ కూడా. నానక్‌రామ్‌గూడ మెయిన్ రోడ్డు మీద టెంటు వేశారు. పొద్దున ఎనిమిదింటికి మొదలైన మైకు ఆగకుండా మోగుతోంది. "జై తెలంగాణ" అని ఎవరో అంటారు, వందమంది అందుకుంటారు. అలా అందుకున్నప్పుడల్లా జాయ్స్ లేచి కిటికీ గడియ సరిచూసుకుంటుంది.

ఈ పద్ధెనిమిది రోజుల్లో ఆమెని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా భయం మాట వింటుందా? కూరగాయల బండి దగ్గర తన బాపట్ల యాస బయటపడుతుందని హిందీలో బేరమాడింది. ఆ హిందీ వినలేక బండివాడే, "తెలుగుల చెప్పమ్మా, ఏం గాదు," అన్నాడు. ఇంటికొచ్చి నవ్వుకుందామంటే నవ్వడానికి మనిషి లేడు.

భర్త స్టీఫెన్ వెళ్ళి నాలుగు రోజులు. ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజు ఉందట. బస్సుల్లేవు, క్యాబులు తిరగడం లేదు, అందుకని టీమంతా ఆఫీసు గెస్ట్‌హౌస్‌లోనే పడుకుంటోంది. ఆ ఆఫీసు మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. మేడ మీదికెళితే అద్దాల బిల్డింగు కనిపిస్తుంది. దానికి కరెంటు పోదు. ఇక్కడ మాత్రం రోజూ పోతోంది. సమ్మెలో బొగ్గు రాక కోతలు పెట్టారు.

ఫోను మోగింది. స్టీఫెనే.

"చెప్పండి," అంది జాయ్స్. ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు. అత్తగారు వినేటప్పుడు మీరు. పెళ్ళయిన కొత్తలో చేసుకున్న ఏర్పాటు.

"ఏం చేస్తున్నారు తల్లీకొడుకులు?"

"చెమట పడుతోందండీ వాడికి. ఊరికే కాదు. కారిపోతోంది."

"కరెంటు లేదు కదా జాయ్స్. నాకూ చిన్నప్పుడు ఇలాగే పట్టేదట. అమ్మనడుగు. కాల్ ఉంది, మళ్ళీ చేస్తా."

మళ్ళీ చేస్తాననడం అతనికి శుభరాత్రి చెప్పినట్టే. చెయ్యడు. జాయ్స్ ఫోను చూసుకుంది. ఛార్జింగు ఒక్క గీత ఉంది.

తలుపు తట్టకుండానే భూలక్ష్మి లోపలికొచ్చింది. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు. కింద కిరాణా కొట్టూ ఆమెదే. భర్త వీరేశం ఆర్టీసీ డ్రైవరు. సమ్మెలో ఉన్నాడు కనక ఇప్పుడతని ఇల్లు ఆ టెంటే.

"ఏంది బిడ్డా, కిటికీలన్ని గిట్ల బంద్ పెట్టుకున్నవ్? ఊపిరాడ్తదా?"

"దుమ్ము వస్తోందని ఆంటీ."

"దుమ్మా, మా ఆయన మైకా?" భూలక్ష్మి నవ్వి వెళ్ళి కిటికీ తెరిచేసింది. గాలితో పాటు నినాదం కూడా లోపలికొచ్చింది. "ఫికర్ చెయ్యకు. వాళ్ళు అడిగేది నీ కొడుకు బొంతను గాదు."

విమల కార్డు ఆపింది. "పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఎదురుగాలి మంచిది కాదండీ."

"ఉక్క మంచిదానక్కా? సూడు, పోరడు ఎట్ల తడిసిండో. పిల్లగాండ్లకు నెత్తికే చెమట పడ్తది. మా సాయిచందుకు గిట్లనే. నెత్తి కింది మెత్త పిండితే నీళ్ళు కారేటియి. ఇప్పుడు సూడు, దున్నపోతు లెక్క ఉన్నడు."

"మా స్టీఫెన్‌కీ అంతేలెండి," అంది విమల వెంటనే. "మా వంశంలో అందరికీ అంతే."

ఆ "వెంటనే"ని జాయ్స్ అప్పుడు పట్టించుకోలేదు.

ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఎక్కడ తప్పుందో వెతకడం పని. కారణాలు పది కనిపిస్తే పదీ ఒకేసారి మార్చకూడదు, ఒక్కొక్కటే మార్చి చూడాలని చేరిన మొదటి వారంలోనే నేర్పారు. ఇక్కడ కారణాలకి కొదవ లేదు. కరెంటు లేదు, కిటికీలు మూసుకున్నాం, టోపీ ఉంది, బొంత ఉంది, వంశం కూడా ఉంది. ఇన్ని మంచి కారణాలుంటే ఇక ఎవరు వెతుకుతారు? అదే ఆమెకి నచ్చడం లేదు. ఇంకొకటేదో ఉందనే అనిపిస్తోంది. చెప్పుకుందామంటే వినేవాళ్ళందరూ సర్దిచెప్పేవాళ్ళే.

"డాక్టరుగారికి చేస్తా," అంది.

"బంద్ నాడు ఏ డాక్టరు..." విమల మాట పూర్తయ్యే లోపే నంబరు కలిసింది. లింగంపల్లిలో పిల్లల డాక్టరు భీమేశ్వరరావు. క్లినిక్కు మూసినా ఫోనెత్తాడు. వాడు ఏడిస్తే వినపడాలని జాయ్స్ స్పీకరు పెట్టి, ఫోను మంచం మీద ఉంచింది.

"చెమటేనామ్మా? కంగారు పడకండి," అన్నాడాయన. "పెద్దవాళ్ళకి ఒళ్ళంతా పడుతుంది. వీళ్ళకి ఎక్కువగా తలకే. ఒంటి వేడిని సర్దుకోవడం వీళ్ళకి ఇంకా సరిగ్గా చేతకాదు. గాఢంగా నిద్రపోతే తడుస్తారు. ఏడిస్తే తడుస్తారు. మనం టోపీలూ బొంతలూ వేసినా తడుస్తారు. దానికి మందు లేదు, అక్కర్లేదు. పల్చటి నూలు చొక్కా వేసి కాస్త గాలి తగలనివ్వండి."

జాయ్స్‌కి ఒక్కసారిగా ఒళ్ళు తేలికయింది. భూలక్ష్మి, "నేను జెప్పలే?" అన్నట్టు చూసింది. విమల ఏసయ్యకి స్తోత్రం చెప్పుకుంది.

"ఇంకొక్కటి. పాలు తాగేటప్పుడు పడుతుందా?"

"ఆఁ?"

"నిద్రలో కాదమ్మా. తాగుతూ ఉండగా. నుదుటి మీదా, పైపెదవి మీదా. తాగుతూ తాగుతూ ఆగిపోయి ఎగశ్వాస తీసుకుంటాడా?"

జాయ్స్ పిల్లాడి పైపెదవి వంక చూసింది.

"నాకు... తెలీదండీ."

"పాలిచ్చేది మీరే కదమ్మా?"

"నేనేనండీ. కానీ కొంగు కప్పుకుంటాను. వాడి మొహం కనపడదు. బయటికి తీసేసరికి ఎప్పుడూ తడిసే ఉంటాడు. కొంగు వేడికి అనుకున్నాం."

జాయ్స్‌కి సిగ్గుతో చెంపలు కాలాయి. కన్నతల్లి, రోజుకి పదిసార్లు ఒళ్ళో పెట్టుకునే మనిషి, బిడ్డ మొహం ఎలా ఉంటుందో తెలీదని చెప్పింది.

"కొంగు తీసి ఇవ్వండి. ఫ్యాను కింద, ఒళ్ళు చల్లబడ్డాక. ఎంతసేపు పడుతోంది తాగడానికి?"

"ముప్పావు గంట. నెమ్మదస్తుడండీ. కొంచెం తాగి పడుకుంటాడు. ఎక్కువ ఏడవడు కూడా."

"బరువు?"

"ఆరో వారంలో మూడు కిలోల తొమ్మిది వందలు. పోయిన వారం టీకాకి రావాలి, బస్సుల్లేక..."

"ఎక్కడైనా తూచండి. చల్లగా ఉన్నప్పుడు కూడా తాగుతుంటే చెమట పట్టి, బరువూ పెరక్కపోయి ఉంటే, బంద్ అయ్యేదాకా ఆగొద్దు. ఈ రోజే తీసుకురండి. గుండె..."

ఫోను ఆరిపోయింది.

జాయ్స్ దాన్ని పట్టుకుని నొక్కుతూ ఉండిపోయింది. ఛార్జింగు అయిపోయిన ఫోనుని నొక్కితే ఏమొస్తుంది? డాక్టరుగారి నంబరూ అందులోనే ఉంది. చివరి మాట మాత్రం గదిలోనే ఉంది. ముగ్గురు ఆడవాళ్ళూ దాన్నే చూస్తున్నారు.

విమల లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

* * *

"మా కొట్ల తరాజుంది," అంది భూలక్ష్మి. "దానికి కరెంటుతోని పని లేదు."

వంటింట్లోంచి విమల గొంతు వచ్చింది. "బిడ్డని పప్పుబెల్లాల్లా తూస్తారా? నలుగురి కళ్ళూ పడాలా?"

"షట్టర్ దించే ఉందక్కా. సూసెటందుకు ఎలుకలు తప్ప ఎవ్వలు లేరు."

జాయ్స్ ఆరోన్‌ని తువ్వాల్లో చుట్టుకుని మెట్లు దిగింది. షట్టరు కింద మూరెడు సందు. దానిలోంచి వచ్చిన వెలుతురులో ఇనప పళ్ళేల త్రాసు వేలాడుతోంది. భూలక్ష్మి పళ్ళెం తుడిచి, గోనెసంచి పరిచి, అవతలి పళ్ళెంలో కూడా అలాంటి సంచే వేసింది. ఆ తర్వాత అయిదు కిలోల రాయి పెట్టింది.

ఆరోన్‌ని పడుకోబెట్టారు. వాడి పళ్ళెం కదల్లేదు. గాల్లోనే ఉంది.

"నాలుగున్నర ఉంటడు తియ్," అంటూ భూలక్ష్మి రాయి మార్చింది. రెండు కిలోలవి రెండు, వాటి పక్కన అర. పళ్ళెం కొంచెం ఊగి మళ్ళీ గాల్లోనే నిలబడింది.

ఆమె అర తీసింది. రెండు వందల రాయి వేసింది. ముల్లు మధ్యకొచ్చింది.

భూలక్ష్మి కొట్టులో సరుకు కొన్నవాళ్ళకి ఎప్పుడూ కొసరు పడుతుంది. ఆ వీధిలో అందరికీ తెలిసిన సంగతే. ఇప్పుడు కూడా ఆమె చెయ్యి అలవాటుగా పళ్ళెం దాకా వెళ్ళింది. వేయడానికి ఏముంది? చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాలుగు కిలోల రెండొందలు," అంది మెల్లగా. "తువ్వాలతోని."

రెండు నెలలు దాటాయి, పెరిగింది మూడు వందల గ్రాములు. తువ్వాలు బరువు కలుపుకుని. జాయ్స్‌కి లెక్కలు బాగా వచ్చు. రాకపోయినా బాగుండేదనిపించింది.

"నెమ్మదస్తుడు అనుకున్నాం ఆంటీ. ఏడవడని అందరం ముద్దు చేశాం. ఏడవడానికి ఓపిక లేదేమో వాడికి."

"గట్లనకు. ముందుగాల డాక్టరు జెప్పినట్టు పాలిచ్చి సూడు. ఇంక కరెంటు రాలే గదా? రానియ్."

* * *

పన్నెండింటికి రావాల్సిన కరెంటు పన్నెండున్నరకీ రాలేదు.

జాయ్స్ కిటికీలన్నీ తెరిచింది. ఆరోన్ టోపీ తీసింది, బొంత తీసింది, పల్చటి చొక్కా ఒక్కటే ఉంచింది. అయినా ఎండ నేరుగా గోడకి కొడుతోంది, ఇల్లంతా వేడిగానే ఉంది. ఆమెకే చెమటలు కారుతున్నాయి. ఈ ఉక్కలో ఇస్తే వాడికీ పడుతుంది, అప్పుడు అది ఉక్కదో ఇంకొకదానిదో తేలదు. ఫ్యాను తిరగాలి. గది చల్లబడాలి. అప్పుడే ఇవ్వాలి.

ఒంటిగంట అయింది. ఆరోన్ నోరు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఏడుపు కూడా కాదు, సన్నగా మూలుగు.

"బిడ్డ ఆకలితో అల్లాడుతుంటే పాలు పట్టవేంటి?" విమల వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పది నిమిషాలు చూస్తానండీ."

"కరెంటు కోసం పాలు ఆపే తల్లిని ఇవాళే చూస్తున్నా. మీ ఆఫీసు ప్రయోగాలకి నా మనవడే దొరికాడా?"

"నా కొడుకండీ వాడు."

"ఓహో. నీ కొడుకు."

రోడ్డు మీద మైకు ఎవరికో ధన్యవాదాలు చెబుతోంది. జాయ్స్ వాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగింది. కిటికీలోంచి ఇళ్ళ మధ్య సందులో అద్దాల బిల్డింగు ముక్క ఒకటి కనిపిస్తోంది. అందులో ఎక్కడో చల్లటి గదిలో స్టీఫెన్ కూర్చుని ఉంటాడు. ఎంత ఒంటరిగా ఉందో అతనికి చెప్పాలని నాలుగు రోజులుగా అనుకుంటోంది. ఇల్లంతా మనుషులే. కింద భూలక్ష్మి, లోపల అత్తగారు, రోడ్డు మీద వందమంది. అయినా ఈ భుజం మీద ఉన్న నాలుగు కిలోల రెండు వందల గ్రాములు తనొక్కతే మోస్తున్నట్టుంది.

ఒంటిగంటా పది. వాడి మూలుగు ఆగిపోయింది. అది ఆగడంతో ఇంకా భయమేసింది. ఇక ఇచ్చేద్దామని ఆమె మంచం మీద కూర్చోబోతుండగా తల పైన గరగర మంటూ ఫ్యాను కదిలింది.

వీధంతా పిల్లలు హోయని అరిచారు.

జాయ్స్ ఫోను ఛార్జింగుకి పెట్టింది. వాడి తల పొడిగుడ్డతో తుడిచింది. ఫ్యాను కింద ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆరేదాకా ఆగింది. నుదురు ముట్టుకుంది. చల్లగా, పొడిగా ఉంది. తన మెడ మీద చెమట కూడా ఆరింది. కబురేమిటో కనుక్కుందామని పైకొచ్చిన భూలక్ష్మి మాట్లాడకుండా గుమ్మం దగ్గరే కూర్చుంది.

జాయ్స్ రవిక హుక్కులు తీసింది. విమల దగ్గరికొచ్చి జాయ్స్ చీర కొంగు తీసి అందించింది.

"కప్పుకో."

"వద్దండీ."

"తలుపు బార్లా తీసుంది."

"వేసెయ్యండి."

"పాలు తాగే బిడ్డ మీద కన్ను పడకూడదమ్మా. మొదటి వారంలోనే చెప్పాను కదా నీకు."

విమల బైబిలు చదవకుండా పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. దిష్టి లేదని వాళ్ళ పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్కటీ వదిలిపెట్టలేదు. ఇన్నాళ్ళూ జాయ్స్ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడమే తెలీదామెకి.

"కప్పుకోనండీ," అంది.

విమల చేతిలో కొంగు అలాగే ఉండిపోయింది.

ఆరోన్ గబుక్కున పట్టుకున్నాడు. రెండు గుక్కలు, మూడు, నాలుగు. ఎంత ఆత్రంగా తాగుతున్నాడో చూసి జాయ్స్‌కి నవ్వొచ్చింది. వాడి కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. పాలు తాగుతూ ఇలా చూస్తాడని ఆమెకి ఇన్నాళ్ళూ తెలీదు. ఎన్నిసార్లు అలా చీకట్లో కొంగుని చూస్తూ తాగాడో!

ఎనిమిదో గుక్క దగ్గర వాడు ఆగాడు. నోరు వదిలేశాడు. పక్కటెముకలు గబగబా ఎగిరిపడుతున్నాయి. ముక్కుపుటాలు పెద్దవయ్యాయి. కాసేపు అలా రొప్పి మళ్ళీ పట్టుకున్నాడు.

పైపెదవి మీద మొదట కనిపించింది. చిన్న చిన్న చుక్కలు. ఆ తర్వాత కనుబొమల పైన, ఆ తర్వాత నుదురంతా. ఫ్యాను గాలికి వాడి చొక్కా అంచు ఎగురుతోంది. జాయ్స్ చేతి మీది వెంట్రుకలు చలికి నిక్కబొడుచుకున్నాయి. వాడి నుదుటి నుంచి చెమట చెవి దాకా కారింది.

ఆరు నిమిషాలకే వాడు అలిసిపోయి కళ్ళు మూశాడు.

"ఆంటీ, చూడండి."

భూలక్ష్మి లేచి వచ్చి చూసింది. పొద్దున మెత్త పిండిన సంగతి చెప్పింది ఈమే. కొంగుతో తన నోరు నొక్కుకుంది.

"అత్తయ్యా, మీరూ చూడండి."

విమల గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

"నేను చూశాను," అంది గోడతోనే.

"ఎప్పుడు? ఇటు తిరగనే లేదు కదా."

"వాడు పుట్టిన మొదటి వారం. నీ పక్కన కూర్చుని పాలు పట్టించాను కదా, అప్పుడు." ఆమె గోడకి చెయ్యి ఆనించింది. "అంతకు ముందు కూడా చూశాను. స్టీఫెన్‌కి ముందు నాకో పిల్ల. బ్లెస్సీ."

జాయ్స్ ఆ పేరు ఎప్పుడూ వినలేదు.

"స్టీఫెన్‌కి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? తాగుతూ ఇలాగే ఆగిపోయేది. ఇలాగే తడిసేది. బాపట్ల ఉక్క అన్నారందరూ. నేనూ ఉక్కే అనుకున్నా. డిసెంబరు వచ్చింది, దుప్పట్లు బయటికి తీశాం. అయినా పట్టేది. మీ మామయ్య ఎక్కడికో తీసుకెళదామన్నారు. క్రిస్మస్ వెళ్ళనీయండి అన్నాను నేను." ఆమె ఇటు తిరిగింది. "అయిదో నెల నిండలేదు."

ఫ్యాను తిరుగుతోంది.

"కొంగు కప్పుకోమంది దిష్టి కోసం కాదమ్మాయ్. ఇంకోసారి అది చూడలేక. కనపడకపోతే ఉండదేమో అనుకున్నాను. దిష్టి అని నీకు చెప్పాను. ప్రార్థనలో దేవుడికి కూడా దిష్టనే చెప్పాను."

జాయ్స్‌కి లేచి ఆమెని పట్టుకుని కుదిపేయాలనిపించింది. మూడు నెలలు. మొదటి వారంలో చెప్పి ఉంటే మూడు నెలలు. ఒళ్ళో పిల్లాడు లేకపోతే ఏం చేసేదో ఏమో. అరవడానికి నోరు తెరిచింది గానీ వాడు కదిలాడు. నోరు మూసుకుని హుక్కులు పెట్టుకుంది.

ఫోను మోగింది. స్టీఫెన్.

"ఇందాక ఫోను కలవలేదే. కరెంటు వచ్చిందా? చెమట తగ్గిందా మనవాడికి?"

"ఫ్యాను తిరుగుతోంది స్టీఫెన్. అయినా పడుతోంది."

"అంటే?"

"డాక్టరు దగ్గరికి బయల్దేరుతున్నాం. లింగంపల్లికి. నువ్వు రా."

విమల ముందు మొదటిసారి అన్న నువ్వు అది. విమల తల దించుకుని వింది.

"బంద్ కదా జాయ్స్, ఎలా..."

"నడువు," అంది జాయ్స్. పెట్టేసింది.

భూలక్ష్మి అప్పటికే చెప్పులు వేసుకుంది. "అంబులెన్స్‌కు ఫోన్ జేసి దాని కోసం ఎదురుసూసుడెందుకు. టెంటు కాడ మా మరిది ఆటో ఉంది. మా ఆయన ఆడనే ఉన్నడు. నేను ముంగట నడుస్త, మీరు నా ఎన్క రాండ్రి. ఎవ్వలేమనరు."

"అడ్డం కట్టారు కదా ఆంటీ రోడ్డుకి. తాడు."

"తాడు మనుషులు గట్టిందే గదా బిడ్డా. ఇప్పుతరు."

జాయ్స్ టీకా కార్డు, రెండు గుడ్డలు, ఫోను సంచిలో వేసుకుంది. ఆరోన్‌ని ఎత్తుకుంది. గుమ్మం దాటాక వెనక నుంచి విమల గొంతు వచ్చింది.

"నేను రానా?"

వద్దని అనడానికి జాయ్స్ దగ్గర కావలసినంత కోపం ఉంది. మెట్ల మీద ఆగి, తిరిగి చూసింది. ఆ గదిలో ఆ మనిషి ఒక్కతే నిలబడి ఉంది. అలా ఎన్నేళ్ళుగా నిలబడిందో.

"బ్లెస్సీకి ఏ నెలలో మొదలైందో, ఎలా ఉండేదో డాక్టరుగారు అడుగుతారు," అంది జాయ్స్. "చెప్పగలిగేది మీరొక్కరే. రండి."

మిట్టమధ్యాహ్నపు ఎండ. సందు దాటి మెయిన్ రోడ్డు మీదికి రాగానే కళ్ళు బైర్లు కమ్మాయి. భూలక్ష్మి ముందు గబగబా నడుస్తోంది. విమల పక్కకొచ్చి తన కొంగు తీసి పట్టుకుంది. ఈసారి కప్పలేదు, అడిగింది.

"ఎండకి అడ్డం పెట్టనా?"

"మొహం కనపడేట్టు పట్టుకోండి."

విమల చెయ్యి పైకెత్తి కొంగు నీడ పట్టింది. ఆ నీడలో వాడి నుదురు మళ్ళీ తడిసి ఉంది. ఇది ఎండ వల్లో, లోపలి దాని వల్లో జాయ్స్‌కి తెలీలేదు. తల దించి వాడి ఊపిరిని చూస్తూ నడిచింది.

తాడు ఇంక ఇరవై అడుగులుంది. "ఓ వీరేశం బావో!" అని భూలక్ష్మి గట్టిగా కేక పెట్టింది. టెంటులో మైకు ఆగిపోయింది. కూర్చున్న వందమందీ ఇటు తిరిగారు.

జాయ్స్ ఇంకో రెండడుగులు ముందుకేసింది. మాట్లాడాల్సింది తనే. హిందీ గుర్తుకు రాలేదు.

"అన్నా," అంది తన బాపట్ల తెలుగులో, ఎంత గట్టిగా అనగలదో అంత గట్టిగా. "మా బాబుకి పాలు తాగుతుంటే చెమట పడుతోందండీ. దారి ఇప్పించండి."

ముందు వరసలో ఒక మనిషి లేచి నిలబడి తాడు మీద చెయ్యి వేశాడు.